క్రాస్‌లింకింగ్, రింగులు, హైడ్రాప్స్ అయిన కెరటోకోనస్ కంటికి తర్వాత కార్నియా మార్పిడి: పాత వైద్యం ఎక్కడ అడ్డొస్తుంది?

విజన్‌సెంటర్_ఖమ్మం

అందరికీ నమస్కారం. కెరటోకోనస్ (కార్నియా, అంటే నల్లగుడ్డు మీది పారదర్శక పొర, పలచబడి కోనులా ముందుకు పొడుచుకొచ్చే జబ్బు) ఉన్న పిల్లల్ని పెద్ద ఆసుపత్రికి పంపేటప్పుడు తల్లిదండ్రులు తరచూ అడిగే మాట ఒకటుంది: “ఇప్పుడు ఆ లైటు వైద్యం చేయిస్తే నల్లగుడ్డు గట్టిపడిపోయి, రేపు మార్చాల్సి వస్తే కొత్త పొర అతకదంట కదండీ?” ఈ మాట ఎక్కడ పుట్టిందో గానీ బాగా పాకింది. ఏడాదిలో కేమ్యాక్స్ (కార్నియా అత్యధిక వంపు కొలత) రెండు మూడు డయాప్టర్లు పెరిగిన పిల్లలకు కూడా ఈ భయంతో క్రాస్‌లింకింగ్ (కాంతితో కార్నియాను గట్టిపరిచే ఆ లైటు వైద్యం) వాయిదా వేస్తున్నారు. వాళ్లకు గట్టిగా, తప్పు లేకుండా జవాబు చెప్పాలి.

క్రాస్‌లింకింగ్ అయిన కంటికి డాల్క్ (వెనక పొరలు ఉంచి ముందు కార్నియా మాత్రమే మార్చడం) చేస్తే నిజంగా ఏమైనా తేడా ఉంటుందా? ఇంటాక్స్, కెరారింగ్ (కార్నియా లోపల పెట్టే ప్లాస్టిక్ రింగులు) ఉన్నవాళ్లను రింగులు తీయించి పంపాలా, అలాగే పంపాలా? హైడ్రాప్స్ (వెనక పొర చిరిగి కార్నియా ఉబ్బడం) వచ్చి గ్యాస్ ఎక్కించుకున్న కంటికి డాల్క్ ఆశ ఉంటుందా, ఇక నేరుగా పీకే, అంటే పూర్తి మందం మార్పిడేనా? రిఫరల్ చీటీలో మేం ఏం రాస్తే సర్జన్‌కు పనికొస్తుంది? తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు.

లామెల్లా_వైజాగ్

ఆ తల్లిదండ్రులకు ఒక్క ముక్కలో జవాబు: అతుకుతుంది. భయపడి క్రాస్‌లింకింగ్ మానేస్తే కోను పెరుగుతుంది, పలచబడుతుంది, ఒకరోజు హైడ్రాప్స్ వస్తుంది. తర్వాతి మార్పిడిని నిజంగా చెడగొట్టేది ఆ హైడ్రాప్సే గానీ క్రాస్‌లింకింగ్ కాదు.

కారణం లోతులో ఉంది. పాత డ్రెస్డెన్ పద్ధతి తీసుకోండి. 8 నుంచి 9 మి.మీ. వెడల్పున ఎపిథీలియం (పైపొర) గీకి, 0.1 శాతం రైబోఫ్లేవిన్ అరగంట చుక్కలుగా వేసి, తర్వాత చదరపు సెంటీమీటరుకు 3 మిల్లీవాట్ల అతినీలలోహిత కాంతి ఇంకో అరగంట ఇస్తారు. మొత్తం 5.4 జౌళ్లు. దీని ప్రభావం ముందువైపు సుమారు 300 మైక్రాన్ల దాకానే. నెల రోజులకు ఓసీటీ (కాంతితో తీసే పొరల స్కాన్) తీస్తే ఆ లోతులో సన్నటి తెల్లగీత కనిపిస్తుంది, దాన్నే డిమార్కేషన్ లైన్ అంటాం. ఆ గీతకు పైన కెరటోసైట్లు (కార్నియా కణాలు) చనిపోయి, ఆరు నెలల్లో పక్కనుంచి మళ్లీ వచ్చి చేరతాయి. గీత కింద స్ట్రోమా (కార్నియా మందంలో ఎక్కువ భాగమైన మధ్యపొర) దాదాపు ముట్టుకోనట్టే ఉంటుంది.

డాల్క్‌లో మనం ఉంచేది వెనక పొరలు: ఎండోథీలియం (అట్టడుగు కణాల పొర), డెసిమెట్ పొర, దాని ముందున్న పది మైక్రాన్ల దువా పొర. ముందున్న స్ట్రోమా అంతా తీసేస్తాం. అంటే క్రాస్‌లింకింగ్ ఏ భాగాన్ని మార్చిందో ఆ భాగమే ట్రేలోకి పోతుంది. అన్వర్, టైక్‌మన్ 2002లో ప్రచురించిన బిగ్ బబుల్ పద్ధతిలో గాలి విడదీసే చోటు స్ట్రోమా అట్టడుగున ఉంటుంది, అక్కడిదాకా కాంతి ప్రభావం పోలేదు. అందుకే క్రాస్‌లింకింగ్ అయిన కళ్లలో కూడా బబుల్ బాగానే వస్తుంది, గ్రాఫ్ట్ బాగానే మానుతుంది.

అసలు తేడాయే లేదని మాత్రం అనను. మొదటిది, మందం కొలత. క్రాస్‌లింకింగ్ తర్వాత ముందుభాగంలో పొగమంచులాంటి హేజ్ ఉంటే పెంటాక్యామ్ (కార్నియా మ్యాప్ తీసే యంత్రం) మందాన్ని తక్కువగా చూపిస్తుంది. ఆ అంకె పట్టుకుని ట్రెఫైన్ (గుండ్రంగా కోసే బ్లేడు) లోతు పెడితే కోత పైపైనే ఆగిపోయి, సూది సరైన లోతుకు చేరదు. ఆంటీరియర్ సెగ్మెంట్ ఓసీటీలోనో అల్ట్రాసౌండ్ పాకిమీటర్‌తోనో, అదీ కోను మధ్యలో కాదు, 8 మి.మీ. వలయం మీద నాలుగైదు చోట్ల కొలవాలి. వలయం మీద అన్నిటికంటే పలచని చోటు 560 ఉంటే కోత 350 నుంచి 400 మధ్య పెట్టుకుంటాం. బారన్ సక్షన్ ట్రెఫైన్‌లో పావు చుట్టుకు సుమారు 60 మైక్రాన్లు, పూర్తి చుట్టుకు 250 దిగుతుంది కాబట్టి ఆరు పావు చుట్లు చాలు.

రెండోది, బబుల్ రాకపోతే చేత్తో పొర విడదీయాల్సి వచ్చినప్పుడు పైభాగంలో స్పాచులా బిగుతుగా కదులుతుంది. లోతుకు పోయాక మామూలే. మూడోది, కాంతి పడిన వలయం 9 మి.మీ. అయి, మన కోత 8 మి.మీ. అయితే చుట్టూ అర మి.మీ. అంచు క్రాస్‌లింక్ అయిన కణజాలమే మిగులుతుంది. కుట్టు సూది అక్కడ కాస్త గట్టిగా తగులుతుంది. నష్టమేమీ లేదు, కొత్త సూది వాడితే సరి.

నిజంగా లెక్క మార్చేది వేరే సంగతి. ఎపిథీలియం తీశాక 400 మైక్రాన్లు ఉండాలనే నియమం ఊరికే పెట్టలేదు. ఆ మందంలో ఎండోథీలియం దాకా చేరే కాంతి 0.18 మిల్లీవాట్లు, కణాలు దెబ్బతినే హద్దు సుమారు 0.35. మందం ఇంకా తగ్గితే ఆ సగం రక్షణ కరిగిపోతుంది. పలచని కార్నియాకు మామూలు రైబోఫ్లేవిన్‌తో, మామూలు మోతాదుతో చేసేస్తే ఎండోథీలియం దెబ్బతిని కార్నియా ఉబ్బవచ్చు. అప్పుడు వెనక పొర ఉంచే డాల్క్‌కు అర్థం లేదు, పీకే చేయాల్సిందే. కాబట్టి క్రాస్‌లింకింగ్ అయిన ప్రతి కంటికీ డాల్క్ అనుకునే ముందు స్పెక్యులర్ మైక్రోస్కోపీ (ఎండోథీలియం కణాల ఫోటో) తప్పనిసరి. కోను మధ్యలో ఫోటో సరిగా రాకపోతే అంచుల్లో తీయండి.

కార్నియా_ఫెలో

లామెల్లా_వైజాగ్ గారు చెప్పినదానికి ఒక చేర్పు. క్రాస్‌లింకింగ్ తర్వాత ఇన్ఫెక్షన్ వచ్చిన కన్ను వేరే కోవలోది. మొదటి వారంలో బ్యాండేజ్ లెన్స్ కింద పుండు పడి మానితే మచ్చ 300 మైక్రాన్ల దగ్గర ఆగదు, డెసిమెట్ దాకా పోవచ్చు. అక్కడ గాలి సమంగా పాకదు, మచ్చ పట్టి ఉంచిన చోట పొర చిరుగుతుంది. ఓసీటీలో మచ్చకూ డెసిమెట్‌కూ మధ్య మామూలు స్ట్రోమా ఎంతుందో చూసి కేసు ఎంచుకోవాలి.

ఇంకొకటి హెర్పిస్. అతినీలలోహిత కాంతి, ఎపిథీలియం గీకడం, స్టెరాయిడ్ చుక్కలు, మూడూ కలిసి నిద్రపోతున్న హెర్పిస్‌ను లేపగలవు. క్రాస్‌లింకింగ్ తర్వాత చెట్టుకొమ్మల ఆకారంలో పుండు వచ్చిందని పాత కాగితాల్లో ఉంటే ఆ సంగతి ఒక్క ముక్కైనా రాసి పంపండి. మార్పిడి తర్వాత అలాంటి పెద్దలకు అసైక్లోవిర్ 400 మి.గ్రా. రోజుకు రెండుసార్లు నెలల తరబడి, తరచూ ఏడాది దాకా ఇస్తాం. ఆ సమాచారం లేక మామూలు కేసులా స్టెరాయిడ్ మీద పెడితే గ్రాఫ్ట్ మీదే పుండు వస్తుంది, చూసినవాళ్లు దాన్ని రిజెక్షన్ అనుకుని స్టెరాయిడ్ ఇంకా పెంచుతారు.

ఇక తొందర గురించి. క్రాస్‌లింకింగ్ అయిన మొదటి నెలలో కేమ్యాక్స్ పెరిగినట్టు, చూపు తగ్గినట్టు ఉంటుంది. తర్వాత నెమ్మదిగా చదునవుతుంది. హేజ్ ఏడాది వరకు తగ్గుతూనే ఉంటుంది. మూడో నెల రిపోర్టు చూసి వైద్యం ఫెయిలైందని మార్పిడికి పంపకండి.

లామెల్లా_వైజాగ్

సరిగ్గా చెప్పారు. ఇప్పుడు రింగుల సంగతి, ఎందుకంటే థియేటర్లో నిజంగా చికాకు పెట్టేది ఇదే.

రింగు ఎక్కడ కూర్చుందన్నదే ఇక్కడ ప్రశ్న. మామూలు ఇంటాక్స్‌కు లోపలి వ్యాసం 6.8, బయటిది 8.1 మి.మీ. ఇంటాక్స్ ఎస్‌కేకు లోపల 6. ఫెరారా, కెరారింగ్ 5 మి.మీ. రకాలైతే బయటి అంచు అంతకంటే బాగా లోపలే ముగుస్తుంది. లోతు అన్నిటికీ 70 నుంచి 80 శాతం. మన కోత 8 మి.మీ. అనుకోండి. కెరారింగ్ పూర్తిగా ఆ బిళ్ల లోపలే ఉంటుంది, తీసే స్ట్రోమాతో పాటే పోతుంది. ఇంటాక్స్ బయటి అంచు మాత్రం సరిగ్గా ట్రెఫైన్ బ్లేడు దిగే దారిలో ఉంటుంది. పీఎంఎంఏ (గట్టి ప్లాస్టిక్) ముక్క బ్లేడుకు తెగదు. బ్లేడు దాని మీద ఎక్కి జారితే కోత వంకరవుతుంది. కాబట్టి ఇంటాక్స్‌ను ట్రెఫైన్ పెట్టకముందే బయటికి తీయాల్సిందే. దానికి వేరే ఆపరేషన్ అక్కర్లేదు. పాత కోత తెరిచి, సిన్‌స్కీ హుక్‌తో చివరి రంధ్రం పట్టి లాగితే అదే సిట్టింగ్‌లో వచ్చేస్తుంది.

అసలు చిక్కు రింగు కాదు, అది వదిలి వెళ్లే సొరంగం. బిగ్ బబుల్ కోసం ఎక్కించిన గాలి ఎక్కడ సులువుగా దారి దొరికితే అక్కడికి పోతుంది. సూది మొన సొరంగం ఎత్తులోనే ఉంటే గాలి ఆ గొట్టంలోకి దూరి, పాత కోత గుండా బుడగలుగా బయటికొస్తుంది. సిరంజి ఖాళీ అవుతుంది, కార్నియా తెల్లబడుతుంది, బబుల్ మాత్రం రాదు. దీనికి మందు ఒకటే, సొరంగం నేల కంటే కిందికి పోవడం. ట్రెఫైన్ కోత తర్వాత క్రెసెంట్ బ్లేడుతో ముందు స్ట్రోమాను సొరంగం నేల దాకా ఎత్తి తీసేయండి. సొరంగం అప్పటికే ఒక పొరను విడదీసి పెట్టింది కాబట్టి ఆ చోట పని తేలిక కూడా. మిగిలిన వందో నూట యాభయ్యో మైక్రాన్ల పడక మీద, పాత కోతకు ఎదురు దిక్కున, 27 లేదా 30 గేజ్ సూదిని వాలు కిందికి ఉంచి గాలి ఎక్కించాలి. అయినా లీకైతే గాలి మానేసి విస్కోఎలాస్టిక్ వాడండి, చిక్కగా ఉంటుంది కాబట్టి సన్నటి దారుల్లోంచి జారిపోదు.

బబుల్ వచ్చిందో లేదో తెల్లబడిన కార్నియాలో కనిపించదు. ముందుగదిలోకి (కార్నియా వెనక నీరుండే ఖాళీలోకి) పక్క రంధ్రం గుండా చిన్న గాలిబుడగ వేసి చూడండి. అది అంచుకు నెట్టుకుపోతే మధ్యలో పెద్ద బబుల్ ఉన్నట్టు, మధ్యకు తేలితే లేనట్టు. పాత రింగు ఉన్న కళ్లలో ఈ పరీక్ష అసలు మానకూడదు, ఎందుకంటే సొరంగంలో చిక్కుకున్న గాలి మైక్రోస్కోప్ కింద అచ్చం బబుల్ అంచులాగే భ్రమ పెడుతుంది.

కుట్లు వేసేటప్పుడు పాత రింగు కోత ఏ గంట దిక్కున ఉందో గుర్తుపెట్టుకోవాలి. ఆ గీత కోత అంచుదాకా వస్తే కుట్టు సరిగ్గా దాని మీద పడకుండా అటో ఇటో జరపండి. లేకపోతే నైలాన్ దారం ఆ చీలికలో కోసుకుపోయి వదులవుతుంది.

విజన్‌సెంటర్_ఖమ్మం

చాలా స్పష్టంగా ఉంది సార్. అయితే రింగులున్నవాళ్లను మేం అలాగే పంపితే సరిపోతుందా? కొన్నిచోట్ల మూడు నెలల ముందే తీయించమంటున్నారు. పైగా ఇప్పుడు ప్లాస్టిక్ బదులు దాత కార్నియా ముక్కలే పెట్టే కెయిర్స్ వచ్చింది కదా, దానికీ ఇదే లెక్కా?

కార్నియా_ఫెలో

రింగు ముందే తీయడంలో నా అభిప్రాయం వైజాగ్ గారితో కొంచెం వేరు. రింగు బయటికి పొడుచుకొస్తున్నా, చుట్టూ తెల్లటి పొక్కు ఉన్నా, రక్తనాళాలు దాని వైపు పాకుతున్నా ముందే తీసి, కన్ను చల్లబడ్డాక మార్పిడి చేయడం మంచిది. ఎర్రగా ఉన్న కంటిలో గ్రాఫ్ట్ కుట్టడమంటే రిజెక్షన్‌ను పిలిచి కూర్చోబెట్టుకోవడమే. తీశాక రెండు మూడు నెలల్లో టోపోగ్రఫీ పాత ఆకారానికి దగ్గరగా వస్తుంది. కొందరికి అప్పుడు లెన్స్ మళ్లీ సరిపోతుంది కూడా, మార్పిడే అక్కర్లేకపోవచ్చు. రింగు నిశ్శబ్దంగా ఉండి, మచ్చ వల్ల మార్పిడి ఎలాగూ తప్పదంటే అదే సిట్టింగ్ చాలు.

కెయిర్స్ చెన్నైలో డాక్టర్ సూసన్ జాకబ్ ప్రవేశపెట్టిన పద్ధతి, 2018లో ప్రచురితమైంది. అందులో పీఎంఎంఏ లేదు కాబట్టి బ్లేడు అడ్డు అనే సమస్య లేదు. ఆ ముక్క సొరంగాన్ని నింపి ఉంటుంది కాబట్టి ఖాళీ గొట్టం అంత సులువుగా గాలి లీక్ కాదు, కానీ దాత ముక్కకూ చుట్టూ ఉన్న కణజాలానికీ మధ్య అతుకు గట్టిగా ఉండదు, గాలి ఆ సందులోకి పోవచ్చు. సొరంగం నేల కిందికి పోవాలన్న నియమం దీనికీ వర్తిస్తుంది.

హైడ్రాప్స్_కేసులు

హైడ్రాప్స్ గురించి ఎవరూ విప్పి చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను, ఎందుకంటే తేడా ఎక్కువ ఉన్నది ఇక్కడే.

హైడ్రాప్స్ అంటే డెసిమెట్ పొర చిరిగి, ముందుగది నీరు స్ట్రోమాలోకి దూరి కార్నియా ఉబ్బడం. డాల్క్‌లో మనం కాపాడాలనుకునేది సరిగ్గా ఆ పొరనే. మానేటప్పుడు ఎండోథీలియం చిరుగు మీదికి పాకి మూసేస్తుంది, కొత్త డెసిమెట్ వస్తుంది, కానీ ఆ చోట దువా పొర, డెసిమెట్, మచ్చ స్ట్రోమా అన్నీ ఒక ముద్దగా అంటుకుపోతాయి. అక్కడ గాలి ఒత్తిడి పెడితే పొరలు విడిపోవడానికి బదులు పాత చిరుగు మళ్లీ తెరుచుకుని గాలి ముందుగదిలోకి దూకుతుంది. కాబట్టి పాత హైడ్రాప్స్ ఉన్న కంటికి బిగ్ బబుల్ ప్రయత్నించొద్దనేది నా గట్టి మాట. టైప్ 2 బబుల్ వస్తే ఇంకా ప్రమాదం. టైప్ 1లో గోడకు దువా పొర బలం ఉంటుంది, టైప్ 2లో గాలిని ఆపేది డెసిమెట్ ఒక్కటే, అది చాలా తక్కువ ఒత్తిడికే పగులుతుంది.

అయితే నేరుగా పీకే అనాల్సిన పని లేదు. మచ్చ ఎక్కడుందో ఓసీటీలో చూడండి. చూపు దారికి పక్కన, కింద ఉంటే చేత్తో పొరలు విడదీసే డాల్క్ చేయవచ్చు. ముందుగదిలో గాలి నింపి, స్పాచులా మొనకూ గాలిలో దాని ప్రతిబింబానికీ మధ్య నల్లటి పట్టీ ఎంత సన్నబడిందో చూస్తూ లోతు అంచనా వేస్తాం. ముందు మామూలు స్ట్రోమా ఉన్న మూడు వైపులా లోతుకు పోయి, మచ్చ చోటును ఆఖరికి వదలాలి. అక్కడ కొంచెం స్ట్రోమా మందంగా మిగిల్చేసినా ఫరవాలేదు. మిగిలిన పడక నున్నగా, పలచగా ఉంటే చూపు బాగానే వస్తుంది. గరుకుగా, మెట్లు మెట్లుగా వదిలేస్తేనే చూపు మసకగా ఉండిపోతుంది. మచ్చ కనుపాప ఎదురుగా, పూర్తి మందంలో ఉంటే డాల్క్ మీద మొండిపట్టు వద్దు, పీకే మంచి నిర్ణయం. కెరటోకోనస్‌లో పీకే ఫలితాలు కూడా బాగానే ఉంటాయి. ఎండోథీలియం రిజెక్షన్ భయం ఏళ్ల తరబడి ఉంటుందని, దెబ్బ తగిలితే కుట్టిన అంచు తెరుచుకోవచ్చని పేషెంట్‌కు ముందే చెప్పాలి.

గ్యాస్ ఎక్కించుకున్న కంటి గురించి అడిగారు. 20 శాతం ఎస్‌ఎఫ్6 గానీ, 14 శాతం సీ3ఎఫ్8 గానీ ముందుగదిలో పెడితే ఉబ్బు తొందరగా తగ్గుతుంది. ఉబ్బు తొందరగా తగ్గితే రక్తనాళాలు పాకే అవకాశం తగ్గుతుంది, తర్వాతి గ్రాఫ్ట్‌కు అది లాభమే. చూడాల్సినవి మూడు: గ్యాస్ వల్ల ప్యూపిల్ బ్లాక్ అయి ప్రెషర్ పెరిగిందా, ఐరిస్ ఎక్కడైనా కార్నియాకు అంటుకుందా, లెన్స్‌లో శుక్లం మొదలైందా. శుక్లం గమనించకుండా డాల్క్ చేసేస్తే ఏడాదిలో మళ్లీ థియేటర్‌కు రావాలి. కంప్రెషన్ కుట్లు వేసి ఉంటే వాటి దారిలో గీతల్లాంటి మచ్చలుంటాయి, వాటి స్థానం కూడా రాయండి. హైడ్రాప్స్ ఉబ్బు ఇంకా ఉన్నప్పుడు మార్పిడి చేయకూడదు. రెండు నుంచి నాలుగు నెలలు ఆగితే మచ్చ చదునై, కొందరికి కోను కూడా తగ్గి, స్క్లీరల్ లెన్స్‌తోనే (తెల్లగుడ్డు మీద ఆనే పెద్ద కాంటాక్ట్ లెన్స్) గడిచిపోతుంది.

ఐబ్యాంక్_టెక్

సర్జన్లందరికీ ఐబ్యాంక్ తరఫున ఒక విన్నపం. డాల్క్‌కు దాత ఎండోథీలియం అవసరం లేదు కాబట్టి కౌంట్ తక్కువున్న కణజాలం అడగడం సహజం, మంచిదే, దానివల్ల మంచి కణజాలం అవసరమైనవాళ్లకు మిగులుతుంది. గ్లిజరిన్‌లో పెట్టినవీ పనికొస్తాయి. కానీ పైన చెప్పిన కళ్లు, అంటే పాత హైడ్రాప్స్, లోతు మచ్చ, రింగు సొరంగం ఉన్నవి, వీటిలో మధ్యలో పొర పెద్దగా చిరిగి పీకేకు మారే అవకాశం ఎక్కువ. బుకింగ్ ఫారంలో డాల్క్ అని మాత్రమే రాయకండి, “పీకేకు మారవచ్చు” అని రాయండి. అప్పుడు కౌంట్ 2000 దాటిన కణజాలం పంపుతాం.

థియేటర్లో కూడా క్రమం ముఖ్యం. దాత కార్నియా డెసిమెట్‌ను ట్రైపాన్ బ్లూ వేసి ఫోర్సెప్స్‌తో ఒలిచేస్తారు కదా, పేషెంట్ పడక పూర్తిగా తయారై, వెనక పొర నిలబడిందని తేలేదాకా ఆ పని చేయకండి. ముందే ఒలిచేశాక ఇటు పొర చిరిగితే చేతిలో ఉన్న బిళ్ల పీకేకు పనికిరాదు. ఎంకే అనే నిల్వ ద్రావణంలో ఉన్న దాత కార్నియా నాలుగు రోజులే నిలుస్తుంది. మదురై ఆరోల్యాబ్ వాళ్ల కార్నిసోల్‌లో ఉన్నదైతే పద్నాలుగు రోజుల దాకా ఉంటుంది, ఇలాంటి కేసులకు తేదీ కుదుర్చుకోవడం దాంతో తేలిక.

లెన్స్‌క్లినిక్_మేడమ్

అందరూ మార్పిడి ఎలా చేయాలో చెబుతున్నారు, అసలు కావాలా అన్నది ముందు తేల్చండి. క్రాస్‌లింకింగ్ అయి, కోను ఆగిపోయి, మధ్యలో మచ్చ లేకపోతే కేమ్యాక్స్ 65 ఉన్నా స్క్లీరల్ లెన్స్‌తో చూపు తేవచ్చు. ఆర్‌జీపీ (గట్టి కాంటాక్ట్ లెన్స్) నిలవలేదు అన్నంత మాత్రాన లెన్స్ దారి మూసుకుపోయినట్టు కాదు. రింగులున్న కంటికి ఆర్‌జీపీ పెడితే రింగు ఎత్తు మీద రుద్ది ఎపిథీలియం లేస్తుంది, కింద ప్లాస్టిక్ బయటపడుతుంది. అక్కడ కార్నియాను తాకకుండా దాటిపోయే స్క్లీరల్ లెన్సే సరైనది. పెట్టగానే మధ్యలో 300 మైక్రాన్ల చుట్టుపక్కల ఖాళీ ఉండేట్టు చూస్తాం, కొన్ని గంటల్లో అది కుదురుకుంటుంది. రింగు మీద కూడా విడిగా ఖాళీ చూడాలి, మధ్యలో బాగుంది కదా అని వదిలేయకూడదు.

సర్జరీ కొలతలకు పంపే ముందు ఆర్‌జీపీ కనీసం రెండు వారాలు మాన్పించండి. లెన్స్ నొక్కిన కార్నియాకు తీసిన మ్యాప్ మీద ఎవరు ఏ నిర్ణయం తీసుకున్నా తప్పే.

ఇంకొకటి, మన పిల్లల్లో కెరటోకోనస్‌తో పాటు ఎండాకాలం దురద, వీకేసీ, చాలా ఎక్కువ. కన్ను నలపడం ఆగకుండా క్రాస్‌లింకింగ్ చేసినా కోను పెరుగుతుంది, గ్రాఫ్ట్ కుట్టినా కుట్లు వదులవుతాయి. వదులైన కుట్టు చుట్టూ జిగురు చేరి, ఇన్ఫెక్షన్ పట్టి, రక్తనాళాలు వస్తాయి. మార్పిడి తేదీ ఇచ్చే ముందు టాక్రోలిమస్ ఆయింట్‌మెంట్‌తోనో సైక్లోస్పోరిన్ చుక్కలతోనో కన్ను నెమ్మదించాలి. పై రెప్ప తిప్పి చూసి, పాపిల్లా (రెప్ప లోపలి బొడిపెలు) పరిస్థితి చీటీలో రాయండి.

విజన్‌సెంటర్_ఖమ్మం

అందరికీ ధన్యవాదాలు. చీటీలో ఇవి రాస్తాం: క్రాస్‌లింకింగ్ తేదీ, పద్ధతి, అప్పటి పలచని మందం, తర్వాత ఇన్ఫెక్షన్ గానీ హెర్పిస్ గానీ వచ్చిందా. రింగు కంపెనీ, వ్యాసం, లోతు, కోత దిక్కు. హైడ్రాప్స్ నెల, ఏ గ్యాస్, ఎన్నిసార్లు. స్పెక్యులర్ కౌంట్, ప్రెషర్, లెన్స్ ఎన్ని రోజులుగా పెట్టలేదు, వీకేసీ. చివరగా ఒక సందేహం: పాత కాగితాలు పోగొట్టుకున్నవాళ్లకు ఓసీటీ తీస్తే అంతా తెలిసిపోతుందా?

లామెల్లా_వైజాగ్

రింగు, సొరంగం, హైడ్రాప్స్ మచ్చ ఓసీటీలో ఎన్నేళ్లకైనా కనిపిస్తాయి. క్రాస్‌లింకింగ్ గీత మాత్రం నిలవదు, నెలలు గడిచేకొద్దీ మసకబడి చాలామందిలో పూర్తిగా పోతుంది. అంటే ఏ మోతాదులో చేశారు, అప్పుడు కార్నియా 400 మైక్రాన్లు ఉందా లేదా అన్నది కాగితం ఒక్కటే చెప్పగలదు. కాగితం పోయిందంటే చేసిన ఆసుపత్రి మెడికల్ రికార్డుల విభాగంలో పేషెంట్ నంబరుతో సమ్మరీ మళ్లీ ఇమ్మని అడగమనండి. అదీ దొరక్కపోతే ఎండోథీలియం ఫోటో మీదే ఆధారపడతాం. కౌంట్ బాగుండి, కణాలు ఆరుపలకల ఆకారంలో సమంగా ఉంటే డాల్క్‌కు ధైర్యంగా పోవచ్చు. క్రాస్‌లింకింగ్ చేయించుకునే పిల్లల తల్లిదండ్రులకు ఆ రోజే చెప్పండి, డిశ్చార్జ్ సమ్మరీ, ఆపరేషన్ ముందు పెంటాక్యామ్ ప్రింటు రెండూ ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోమని.